కువైట్ నుంచి సఖినేటిపల్లి రేవు దాకా: ఒక నష్టపరిహారం కేసు

రాజోలు కోర్టులో 1991 నుంచి ప్రాక్టీసు చేస్తున్నాను. పొలం గట్ల తగాదాలు, కొబ్బరితోటల పంపకాలు, మనోవర్తి కేసులు, ప్రాంసరీ నోట్లు. మా వైపు లాయరు పని ఎక్కువగా ఇదే. ఇన్నేళ్ళలో ఒకే ఒక్క కేసులో అవతలి పక్షం ఒక దేశం. నిర్ణయం చెప్పింది జెనీవాలో. డబ్బు వచ్చింది ఇరాక్ చమురు నుంచి. క్లయింటు మలికిపురం దగ్గర పల్లె నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళిన ఆడమనిషి.

ఒక దేశం పక్క దేశం మీద పడితే మిగతా ప్రపంచం ఏం చేస్తుందనే చర్చ వచ్చినప్పుడల్లా ఖండనలు, ఓట్లు, ఆంక్షల దగ్గరే మాటలు ఆగిపోతాయి. ఆ స్పందన చిట్టచివరికి ఒక పల్లెలో ఒక ఇంటికి ఏ రూపంలో చేరిందో నేను దగ్గర నుంచి చూశాను. అందుకే ఈ కేసు మొత్తం రాస్తున్నాను. ఆమె అనుమతి తీసుకున్నాను. ఊరు, పేరు రాయడం లేదు. అప్పట్లో ఎలా పిలిచానో అలాగే ఇక్కడా అక్క అనే అంటాను.

ఆగస్టు 2

అక్క 1988లో కువైట్ వెళ్ళింది. భర్త కొబ్బరి దింపు పనికి వెళ్ళేవాడు. చెట్టు మీద నుంచి పడి నడుము దెబ్బతిన్నాక దింపులు మానేశాడు. ఇద్దరు పిల్లలు. ఏజెంటుకు కట్టడానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు చేశారు. సాల్మియాలో ఒక ఇంట్లో పని, నెలకు 30 దినార్లు. ఇంటి యజమానిని బాబా అని, ఆయన భార్యను మామా అని పిలవాలి. పాస్‌పోర్టు బాబా దగ్గరే ఉండేది. ఆమెకు అది వింతగా అనిపించలేదు, మా ఊళ్ళ నుంచి వెళ్ళిన వాళ్ళందరిదీ అదే పరిస్థితి.

1990 ఆగస్టు 2 తెల్లవారుజామున ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. ఎండలకు తట్టుకోలేక చాలా కువైటీ కుటుంబాలు అప్పటికే సెలవులకు విదేశాల్లో ఉన్నాయి. అక్క పనిచేసే ఇంటివాళ్ళూ అంతే. ఇంట్లో ఆమె, శ్రీలంక నుంచి వచ్చిన ఇంకో పనిమనిషి, బీరువా తాళం. ఆ బీరువాలోనే ఇద్దరి పాస్‌పోర్టులు. అయిదు నెలల జీతం బాకీ ఉంది. తలగడ కింద దాచుకున్న 70 దినార్లు ఉన్నాయి. కొన్ని రోజులకు కువైట్ దినారును ఇరాక్ దినారుతో సమానం చేశారు. అప్పటిదాకా ఒక్కో కువైట్ దినారు దాదాపు మూడున్నర డాలర్లు పలికేది. ఆమె దాచుకున్నది రొట్టెలకే సరిపోయే డబ్బు అయిపోయింది.

సెప్టెంబర్‌లో బయలుదేరింది. మన దౌత్య సిబ్బంది ఇచ్చిన ఎమర్జెన్సీ సర్టిఫికెట్, దాన్నే అందరూ అవుట్‌పాస్ అనేవారు, చేతిలో పెట్టుకుని బస్సెక్కింది. బస్రా, బాగ్దాద్, తర్వాత జోర్డాన్ సరిహద్దు. దారిలో ఒక తనిఖీ దగ్గర సిపాయి ఒకడు మెడలో గొలుసు, చేతి ఉంగరం తీయించుకున్నాడు. మూడు కాసుల బంగారం. సరిహద్దు దగ్గర ఎడారిలో గుడారాల్లో తొమ్మిది రాత్రులు. పగలు నిప్పుల ఎండ, రాత్రి దుప్పటి చాలని చలి. అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానంలో బొంబాయి. అక్కడ ఇమిగ్రేషన్ వాళ్ళు అవుట్‌పాస్ తీసేసుకున్నారు. బొంబాయి నుంచి సికింద్రాబాద్, సికింద్రాబాద్ నుంచి నర్సాపురం ఎక్స్‌ప్రెస్. నర్సాపురం రేవులో పంటు ఎక్కి, గోదావరి పాయ వశిష్ఠ దాటి సఖినేటిపల్లి రేవులో దిగేసరికి చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. అందులో ఒక చీర, ఒక దుప్పటి, చింపిన బోర్డింగ్ పాస్ ముక్క.

ఆ ముక్కే తర్వాత ఈ కేసుకు ప్రాణం పోసింది.

ప్రపంచం చేసిన నాలుగు పనులు, ఆమెకు తగిలిన తీరు

ఆక్రమణ జరిగిన రోజే ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 660వ తీర్మానం చేసింది. 14 ఓట్లు అనుకూలం, యెమెన్ ఓటింగులో పాల్గొనలేదు. ఇరాక్ వెంటనే, షరతులు లేకుండా వెనక్కి వెళ్ళాలన్నది దాని సారం. మర్నాడు అమెరికా, సోవియట్ యూనియన్ కలిసి ప్రకటన చేశాయి. ప్రచ్ఛన్న యుద్ధం నడిచిన 40 ఏళ్ళలో అలాంటిది ఊహించలేని సంగతి. ఆగస్టు 6న 661వ తీర్మానంతో ఆంక్షలు వచ్చాయి. ఇరాక్ కువైట్‌ను కలిపేసుకున్నానని ప్రకటిస్తే, ఆ విలీనం చెల్లదని 9న 662 చెప్పింది. మూడో దేశాల మనుషులను వెళ్ళనివ్వాలని 18న 664 చెప్పింది. ఒకే ఒక్క నెలలో ఇన్ని.

అక్కకు వీటిలో ఒక్క అంకె కూడా తెలియదు. కానీ ప్రతి తీర్మానమూ ఆమె ఒంటి మీద నుంచి నడిచింది.

ఆంక్షలు ఇరాక్‌ను ఉద్దేశించి పెట్టినవే, కానీ ఆకలి ముందుగా తగిలింది కువైట్‌లో చిక్కుకున్న కూలీలకు, పనిమనుషులకు. మన దేశం మన వాళ్ళకు తిండి పంపడానికి కూడా ఆంక్షల కమిటీ అనుమతి తీసుకోవాల్సి వచ్చింది. సెప్టెంబర్ 13న 666వ తీర్మానం, మానవతా కారణాలతో ఆహారం ఎలా పంపవచ్చో చెప్పాక, విశ్వసిద్ధి అనే మన నౌక సరుకుతో వెళ్ళింది. ఆ బియ్యం అందేలోపే అక్క బయలుదేరిపోయింది. ఆంక్షల గురించి ఎవరైనా సులువుగా మాట్లాడితే నాకు ఆమె చెప్పిన మాట గుర్తొస్తుంది. "ఒకే ఖుబ్బూస్‌ను, అదేనండీ అక్కడి రొట్టె, ఇద్దరం మూడు పూటలు తిన్నామండీ."

ఇక మన ప్రభుత్వం. వి.పి. సింగ్ ప్రధాని, ఐ.కె. గుజ్రాల్ విదేశాంగ మంత్రి. గుజ్రాల్ ఆగస్టులో బాగ్దాద్ వెళ్ళి సద్దామ్ హుస్సేన్‌ను కలిశారు. ఇద్దరూ ఆలింగనం చేసుకున్న ఫోటో ప్రపంచమంతా పాకింది. ఆక్రమించినవాడిని కౌగలించుకోవడం ఏమిటని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. నా అభిప్రాయం రెండుగా ఉంది, దాచుకోను. ఒక చిన్న దేశాన్ని మింగేస్తుంటే మన గొంతు మెత్తగా పలికిందనేది నిజం. పాశ్చాత్య దేశాల వాళ్ళను బందీలుగా పట్టి కీలక స్థావరాల దగ్గర ఉంచిన ఆ రోజుల్లోనే మన వాళ్ళకు బస్సులెక్కే వీలు కలిగిందనేదీ నిజం. అమ్మాన్ నుంచి 59 రోజుల్లో 488 విమానాలు. సుమారు 1,70,000 మంది ఇంటికి చేరారు. మా రాజోలు తాలూకాలో అలా తిరిగొచ్చిన మనిషి లేని ఊరు నాకు తెలియదు.

నాలుగోది ఎవరూ అంతగా పట్టించుకోనిది, ఈ కేసుకు మూలం అదే. యుద్ధం అయిపోయాక 1991 ఏప్రిల్ 3న వచ్చిన 687వ తీర్మానం, ఆక్రమణ వల్ల కలిగిన నష్టానికి ఇరాక్ అంతర్జాతీయ చట్టం ప్రకారం బాధ్యురాలని చెప్పింది. అప్పటికి భారత్ భద్రతామండలిలో ఉంది, అనుకూలంగా ఓటేసింది. ఆ తీర్మానం నుంచే ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్ పుట్టింది. దేశాలకు, కంపెనీలకు మాత్రమే కాకుండా పారిపోయి వచ్చిన మామూలు మనుషులకు కూడా, పైగా ముందుగా వాళ్ళకే, డబ్బు ఇవ్వాలని ఆ కమిషన్ నిర్ణయించింది. అంతకుముందు యుద్ధ పరిహారమంటే ఓడిన రాజు గెలిచిన రాజుకు కట్టేది. అందులో మలికిపురం మండలపు ఆడమనిషికి వాటా ఉండటం కొత్త సంగతి.

ఫారం

1993లో ఒక మధ్యాహ్నం అక్క మా సీనియర్ గారి ఆఫీసు అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన భర్త. చేతిలో ఒక ఫారం. ఎవరో ఒకతను దాన్ని నింపిపెడతానని, వచ్చిన దాంట్లో నూటికి 20 తనకివ్వాలని అన్నాడట. సంతకం పెట్టే ముందు ఒకసారి చూపించుకుందామని వచ్చారు. సీనియర్ గారు దాన్ని నా చేతికిచ్చి, "నువ్వు కుర్రాడివి, ఇంగ్లీషు ఓపిగ్గా చదువుతావు, చూడు" అన్నారు.

మూడు రాత్రులు చదివాను. మనుషుల క్లెయిములు నాలుగు తరగతులు. 1990 ఆగస్టు 2కు, 1991 మార్చి 2కు మధ్య కువైట్ లేదా ఇరాక్ వదిలి రావాల్సి వచ్చిన వాళ్ళకు 'ఎ'. తీవ్రంగా గాయపడినా, ఇంట్లో మనిషి చనిపోయినా 'బి'. జీతం, వస్తువులు, బ్యాంకు డబ్బు వంటి నష్టాలు లక్ష డాలర్ల లోపైతే 'సి', దాటితే 'డి'. 'ఎ' తరగతిలో నష్టం ఎంతో రుజువు చేయక్కర్లేదు. అక్కడ ఉన్నావు, ఆ తేదీల మధ్య వచ్చేశావు అని తేలితే చాలు, అందరికీ ఒకే మొత్తం.

కానీ ఇందులో ఒక మెలిక ఉంది. 'ఎ' తో పాటు ఇంకో తరగతిలోనూ అడిగితే 'ఎ' కింద ఒక్కరికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000. ఇంకేమీ అడగను, ఇది చాలు అంటే ఒక్కరికి 4,000, కుటుంబానికి 8,000. అంటే మిగతా నష్టాలు అడిగే హక్కు వదులుకోవడానికి 1,500 డాలర్లు.

ఈ కేసులో నేను చేసిన అసలు పని అంతా ఈ లెక్కే. బాకీ జీతం అయిదు నెలలు, 150 దినార్లు, సుమారు 520 డాలర్లు. బంగారం 24 గ్రాములు, అప్పటి ధరలో దాదాపు 300. పిల్లల కోసం కొన్న టూ ఇన్ వన్ (రేడియో, టేప్ రికార్డర్ కలిసినది), దుప్పట్లు, బట్టలు కలిపి నూటయాభై. మొత్తం వెయ్యి దాటలేదు. ఒప్పందంలో ఇంకా ఎనిమిది నెలలు మిగిలి ఉంది కదా, ఆ జీతం కూడా కలిపితే 1,800 అవుతుంది. కాగితం మీద 'సి' కూడా వేస్తేనే లాభం. కానీ కాగితం ఏది? ఒప్పందం బాబా బీరువాలో ఉంది. జీతం చేతికిచ్చేవారు, రసీదు లేదు. గొలుసు కొన్న బిల్లు లేదు. టూ ఇన్ వన్ బిల్లు అక్కడే వదిలేసింది.

'ఎ' ఒక్కటే వేద్దామన్నాను. భర్త వెంటనే ఒప్పుకున్నాడు. అక్క ఒప్పుకోలేదు.

"నా గొలుసు సంగతి ఎక్కడ రాస్తారు బాబూ?" అంది.

ఈ ఫారంలో దానికి చోటు లేదని చెప్పాను. పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, ఎక్కడ ఉన్నారు, ఎప్పుడు వచ్చారు, ఎలా వచ్చారు. అంతే. ప్రభుత్వాలు ఈ క్లెయిములన్నీ కంప్యూటర్‌లో వరుసలుగా ఎక్కించి జెనీవాకు పంపుతాయి. ఆమె తొమ్మిది రాత్రులు, సిపాయి చేయి, తాళం వేసిన బీరువా, శ్రీలంక పిల్లతో పంచుకున్న రొట్టె, అన్నీ కలిపి ఒక వరుస.

"డబ్బు కోసం కాదండీ. వాడు తీసుకున్నాడని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదండీ" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. చివరికి మా సీనియర్ గారు ఒక దారి చెప్పారు. ఆమె చెప్పినదంతా తెలుగులో ఒక వాంగ్మూలంగా రాయించి, నోటరీ చేయించి, మా ఫైల్లో పెట్టమన్నారు. జెనీవాకు దాంతో పని లేదు. ఆమెకుంది. ఏడు పేజీలు వచ్చింది. చదివి వినిపిస్తే రెండు చోట్ల దిద్దించింది. సిపాయి వయసు 20 అని రాశాను, కాదు ఇంకా చిన్నవాడు, మీసం కూడా సరిగా రాలేదని మార్పించింది. బస్రాలో ఒక ముసలావిడ తన ఇంట్లోంచి నీళ్ళు, రొట్టె తెచ్చి బస్సు కిటికీలోంచి ఇచ్చిందని నేను వదిలేస్తే, అది కూడా రాయమంది.

పేరు

రుజువుగా ఏముంది? పాస్‌పోర్టు లేదు, అవుట్‌పాస్ లేదు. ఏజెంటు దగ్గర వీసా కాగితం జిరాక్సు ఒకటి దొరికింది. ఆమె ఇంటికి రాసిన ఉత్తరాల కవర్లు భర్త దాచాడు, వాటి మీద కువైట్ తపాలా ముద్రలు ఉన్నాయి. డబ్బు పంపిన డ్రాఫ్టు తాలూకు కౌంటర్‌ఫాయిల్ రెండు. బోర్డింగ్ పాస్ ముక్క. ఇవన్నీ పట్టుకుని అమలాపురం వెళ్ళి మూడేసి కాపీలు జిరాక్సు తీయించాను. ఆ పని చేసినందుకు ఇప్పటికీ సంతోషిస్తాను.

ఫారం పంపిన చాలా నెలలకు ఆమె క్లెయిమ్ వివరాలు సరిపోలడం లేదని, అదనపు రుజువు పంపమని ఉత్తరం వచ్చింది. ఎందుకో తెలుసుకోవడానికి కొంత కాలం పట్టింది. 'ఎ' తరగతిలో సుమారు 9 లక్షల క్లెయిములు. ఒక్కొక్కటీ మనిషి కూర్చుని చదవడం అయ్యే పని కాదు. విమాన ప్రయాణికుల జాబితాలు, సరిహద్దు రికార్డులు, శిబిరాల జాబితాలు సేకరించి కంప్యూటర్‌తో పోల్చారు. పేరు కలిస్తే సరే.

మన తెలుగు ఆడవాళ్ళ పేర్లు ఎలా కలుస్తాయి? పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు, పూర్తిగా, ముందు. ఫారంలో అత్తింటి ఇంటిపేరు, ఒకే అక్షరం. బోర్డింగ్ పాస్ మీద ఇంటిపేరే లేదు, పేరు చివర భర్త పేరు. అసలు పేరు చివర లక్ష్మి ఉంది. దాన్ని ఒకరు ఎక్స్ పెట్టి రాశారు, ఒకరు కె, ఎస్ పెట్టి రాశారు. అమ్మాన్‌లో రాసినతను హెచ్ వదిలేశాడు. ఊళ్ళో అందరూ పిలిచే పేరు ఇంకొకటి, అది రేషన్ కార్డులో ఉంది. నాలుగు కాగితాల్లో నలుగురు మనుషులు. జెనీవాలోని యంత్రానికి ఆ నలుగురిలో ఏ ఒక్కరూ ఇంకొకరు కారు.

ఈ తప్పులో నా వంతు ఉంది. ఫారం నింపింది నేను. పెళ్ళయిన ఆడమనిషికి అత్తింటి పేరు రాయడమే సరైనదనుకున్నాను. పాస్‌పోర్టులో ఏముందో అదే, అక్షరం కూడా మారకుండా రాయాలని ఎవరూ చెప్పకపోయినా నాకు తట్టి ఉండాల్సింది. ఆ ఒక్క పొరపాటుతో ఆమెకు ఏడాదికి పైగా టెన్షన్.

సరిదిద్దడానికి చేసింది ఇది. ఈ నాలుగు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్. గ్రామ పరిపాలనాధికారి ధ్రువీకరణ, దాని మీద మండల రెవెన్యూ అధికారి సంతకం. పెళ్ళి శుభలేఖ దొరికింది, అందులో పుట్టింటి పేరు, అత్తింటి పేరు రెండూ ఉన్నాయి. దాని ఇంగ్లీషు అనువాదం. ఏజెంటు దగ్గర దొరికిన వీసా కాగితం మీద పాస్‌పోర్టు నంబరు ఉంది, బోర్డింగ్ పాస్ మీద తేదీ ఉంది. ఒక ఆఫీసులో ఈ కట్ట అయిదు నెలలు కదలకుండా ఉండిపోయింది. రెండుసార్లు వెళ్ళి బతిమాలాను. మూడోసారి అక్కే స్వయంగా వెళ్ళి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ గుమ్మం ముందు కూర్చుంది. ఎవరినీ ఏమీ అనలేదు. సాయంత్రానికి కట్ట కదిలింది.

తుఫాను, ఆ తర్వాత డబ్బు

ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందని అప్పట్లో అందరూ అడిగేవారు. పరిహారం ఇరాక్ చమురు ఆదాయంలో 30 శాతం నుంచి రావాలని నిర్ణయించారు. కానీ ఐక్యరాజ్యసమితి పెట్టిన షరతుల మీద చమురు అమ్మడానికి ఇరాక్ ఒప్పుకోలేదు. హక్కు తేలినా ఖజానా ఖాళీ. చమురు అమ్మిన డబ్బుతో ఆహారం, మందులు కొనుక్కోనిచ్చే 'ఆహారానికి చమురు' పథకం కింద 1996 డిసెంబర్‌లో ఎగుమతులు మొదలయ్యాకే డబ్బు పారింది.

దానికి నెల ముందే, నవంబర్ 6న, మా కోనసీమ మీద తుఫాను పడింది. ఆ రాత్రి చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి కొబ్బరి చెట్లు మొదలంటా లేచిపోయి, మొవ్వులు విరిగి, తోటలన్నీ ఒకే వైపు పడుకుని ఉన్నాయి. అక్క తాటాకిల్లు ఎగిరిపోయింది. ట్రంకు పెట్టె నీళ్ళలో తేలింది. ఉత్తరాల కవర్లు, కౌంటర్‌ఫాయిళ్ళు, బోర్డింగ్ పాస్ ముక్క అన్నీ ముద్దయిపోయాయి. నాలుగు రోజుల తర్వాత, రోడ్డు మీద పడిన చెట్లు దాటుకుంటూ నడిచి మా ఇంటికి వచ్చింది. ఆమె అడిగిన మొదటి మాట: "ఆ జిరాక్సులు ఉన్నాయాండీ?"

ఉన్నాయి. మా ఆఫీసు పెంకులు లేచిపోయినా ఫైళ్ళ బీరువా తడవలేదు.

1998లో మొదటి విడత వచ్చింది, 2,500 డాలర్లు. రూపాయల్లో దాదాపు లక్ష. ప్రాసెసింగ్ ఖర్చుల కింద ప్రభుత్వాలు ఈ తరగతిలో 1.5 శాతం దాకా మినహాయించుకోవచ్చు. నూటికి 20 అడిగినతనికి, దీనికి ఉన్న తేడా చూడండి. మా తాలూకాలో ఆ 20కి సంతకాలు పెట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ కష్టార్జితం అలా పోయిందన్న బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

చెక్కు ఆమె పేరు మీదే వచ్చింది, ఆమెకు బ్యాంకు ఖాతా లేదు. భర్త ఖాతాలో వేద్దామని ఇంట్లో మాట వచ్చింది. నేను పట్టుబట్టి ఆమె పేరు మీదే ఖాతా తెరిపించాను, పాస్‌పోర్టులో ఉన్న పేరుతో, అవే అక్షరాలతో. ఆ డబ్బుతో ఏజెంటు కోసం చేసిన అప్పు తీరింది. అప్పటికి అసలు కంటే వడ్డీ ఎక్కువ కట్టారు. మిగిలిన దానికి 2000లో వచ్చిన రెండో విడత 1,500 డాలర్లు కలిపి రెండు గదుల డాబా వేసుకున్నారు. మళ్ళీ తుఫాను వస్తే ఎగిరిపోని పైకప్పు.

రెండో విడత వచ్చిన రోజు ఆమె నన్ను ఒక ప్రశ్న అడిగింది. ఈ డబ్బు ఎవరిది అని. ఇరాక్ చమురు అమ్మితే వచ్చిందని చెప్పాను.

"అంటే సద్దామ్‌దా, లేకపోతే బస్రాలో నాకు రొట్టె ఇచ్చిన ముసలమ్మదా?"

ఆ ఏళ్ళలో ఆంక్షల కింద ఇరాక్ ఆసుపత్రుల్లో మందులు లేవు. పిల్లల ఆకలి ఫోటోలు పేపర్లలో వచ్చేవి. చమురు ఆదాయంలో పరిహారానికి పోయే 30 శాతం ఆ పిల్లల భాగంలోంచే పోయింది. తప్పు చేసినవాడు భవనాల్లోనే ఉన్నాడు. చట్టప్రకారం దేశం బాధ్యత వహించాలి, అది సరైన సూత్రమే, నేను దాన్ని సమర్థిస్తాను. అది లేకపోతే ఈ డాబా లేదు. కానీ ఆమెకు ఆ రోజు నేను ఇచ్చిన జవాబు ఇంతే: "ఇద్దరిదీ అక్కా." ఆమె ఆ డబ్బులోంచి 500 రూపాయలు తీసి అంతర్వేది గుడి దగ్గర అన్నదానానికి ఇచ్చింది. ముసలమ్మ పేరు తెలియదు కాబట్టి గోత్రనామాలు చెప్పకుండా.

అంబాజీపేట నుంచి వచ్చిన ప్రశ్న

కమిషన్ మొత్తం 27 లక్షల దాకా క్లెయిములు చూసింది. అడిగింది 35,250 కోట్ల డాలర్లు, మంజూరైంది 5,240 కోట్లు. కువైట్‌కు చివరి వాయిదా 2022 జనవరి 13న ముట్టింది. ఆక్రమణ జరిగిన 31 ఏళ్ళకు లెక్క తీరింది.

సరిగ్గా 42 రోజులకు, ఫిబ్రవరి 24న, రష్యా ఉక్రెయిన్ మీదకు వెళ్ళింది.

మార్చి నెలాఖరులో అంబాజీపేట నుంచి ఒక కొబ్బరి వ్యాపారి వచ్చారు. కొడుకు ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం. బంకర్‌లో ఆరు రోజులుండి, రైలెక్కి, పోలండ్ చేరి, మన ప్రభుత్వం నడిపిన ఆపరేషన్ గంగ విమానంలో వచ్చాడు. ఆ ఆపరేషన్‌లో 90 విమానాల్లో సుమారు 22,500 మంది వచ్చారు. కుర్రాడు క్షేమం. కానీ కట్టిన ఫీజులు, బ్యాంకు లోను, వదిలేసి వచ్చిన సామాను, ఆగిపోయిన చదువు. "అప్పట్లో కువైట్ వాళ్ళకు ఇప్పించారటగా లాయరు గారూ, మాకూ ఆ దారి ఏదైనా ఉందా?" అని అడిగారు.

లేదని చెప్పడానికి నాకు అరగంట పట్టింది, ఎందుకు లేదో ఆయనకు అర్థం కావాలనిపించింది. 1990లో కువైట్ విషయంలో భద్రతామండలిలో అయిదు పెద్ద దేశాల్లో ఒక్కటీ వీటో, అంటే ఒక్క ఓటుతో తీర్మానాన్ని ఆపేసే హక్కు, వాడలేదు. 2022లో ఆక్రమించిన దేశమే ఆ అయిదింట్లో ఒకటి. ఫిబ్రవరి 25న తీర్మానం వస్తే 11 దేశాలు అనుకూలం, మూడు తటస్థం, రష్యా వీటో. విషయం ఐక్యరాజ్యసమితిలోని అన్ని దేశాలూ కూర్చునే సర్వసభ్య సభకు వెళ్ళింది. మార్చి 2న 141 దేశాలు ఆక్రమణను తప్పుపట్టాయి, 5 వ్యతిరేకించాయి, 35 తటస్థం. రెండు చోట్లా భారత్ తటస్థమే. సర్వసభ్య సభ మాటకు నైతిక బలం ఉంది, కానీ అది ఎవరి చమురులోంచీ 30 శాతం కోయించలేదు.

ఆయన కొంచెంసేపు ఆలోచించి, "మన ఓటు వల్ల మన పిల్లలు బయటపడ్డారంటారా?" అన్నారు. 1990 ఫోటో గుర్తొచ్చింది. రెండు వైపులతో మాట్లాడగలిగిన దేశానికి తన మనుషులను తెచ్చుకోవడం తేలికవుతుందని నా నమ్మకం. ఆ మాటకు ఇంకోచోట మూల్యం ఉంటుందని కూడా నమ్ముతాను. 1991లో బాధ్యత నిర్ణయించే ఓటు దగ్గర మనం చెయ్యెత్తాం. 2022 నవంబర్ 14న, రష్యా నష్టపరిహారం చెల్లించాలన్న తీర్మానం సర్వసభ్య సభలో 94 ఓట్లతో నెగ్గినప్పుడు 73 తటస్థ దేశాల్లో మనమూ ఉన్నాం. మన పిల్లలూ ఆ నష్టంలో ఉన్నారు కాబట్టి ఆ రోజు మనం అటువైపు నిలబడి ఉండాల్సిందని నా అభిప్రాయం.

ఆ తీర్మానం తర్వాత 2023 మేలో యూరప్ కౌన్సిల్ ఆధ్వర్యంలో హేగ్ కేంద్రంగా నష్టాల రిజిస్టర్ ఏర్పాటైంది. 2024 ఏప్రిల్ నుంచి దరఖాస్తులు తీసుకుంటున్నారు. రిజిస్టర్ అంటే నమోదు మాత్రమే, చెల్లింపు కాదు. పశ్చిమ దేశాల్లో స్తంభింపజేసిన రష్యా కేంద్రబ్యాంకు నిధులు సుమారు 30,000 కోట్ల డాలర్లున్నాయి, వాటిని ముట్టుకోవడం మీద ఆ దేశాల మధ్యే చట్టపరమైన వాదనలు నడుస్తున్నాయి.

వ్యాపారి గారికి చివరికి నేను చెప్పింది పాత పనే. కుర్రాడి చేత అంతా రాయించమన్నాను, తెలుగులోనే, తేదీలతో. ఫీజు రసీదులు, హాస్టల్ కాగితం, సరిహద్దు ముద్ర, విమానం టికెట్, ఫోన్లో ఉన్న ఫోటోలు అన్నీ రెండు చోట్ల పెట్టమన్నాను. ఆయన నిరాశగానే వెళ్ళారు. నెల తర్వాత కుర్రాడు 11 పేజీలు పంపాడు. అందులో బంకర్‌లో తనకు సూప్ ఇచ్చిన ఉక్రెయిన్ పెద్దావిడ గురించి ఒక పేరా ఉంది.

పోయిన వేసవిలో అక్క మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్ల బీఎస్సీ నర్సింగ్ చదివింది, కువైట్‌లో ఆసుపత్రి ఉద్యోగం వచ్చింది. ఒప్పందం చూసిపెట్టమన్నారు. జీతం ఎంతో, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండాలో చూశాను. అక్కకు ఇప్పుడు 67 ఏళ్ళు, కళ్ళజోడు వచ్చింది, ఇంగ్లీషు చదవలేదు. అయినా పాస్‌పోర్టు, ఆధార్, ఒప్పందం మూడూ టేబుల్ మీద పక్కపక్కన పరిచి, ఇంటిపేరు దగ్గర వేలు పెట్టి, మూడింట్లోనూ ఒక్కో అక్షరం ఆకారం పోల్చి చూసుకుంది. ఒప్పందంలో ఒక అక్షరం దగ్గర వేలు ఆగింది.

"ఇది వేరేగా ఉందండీ" అంది.

చూశాను. నిజమే. ఒక హెచ్ లేదు. దిద్ది పంపమని అదే రోజు సాయంత్రం మెయిల్ పెట్టించాం.